డిలీట్ చేసిన ఫైలు, దాని చీటీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం డిలీట్ చేసిన ఫైళ్ల చుట్టూనే తిరిగాయి, అందుకే వాటిని ఒకచోట చేర్చాం. కమాండ్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాశాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టుకోవాలి. పెద్దక్షరం కావాల్సిన చోట పక్కనే చెప్పాం. ముఖ్యంగా ఒకటి గుర్తుంచుకోండి: ట్రాష్ అనే ఫోల్డర్ పేరులో మొదటి టీ పెద్దక్షరం, ట్రాష్‌తో మొదలయ్యే కమాండ్లలో చిన్నక్షరం. ఇది తారుమారైతే 'అలాంటి ఫోల్డర్ లేదు' అని లినక్స్ ముఖం మీదే చెప్పేస్తుంది.

ప్ర: ఉబుంటు టెర్మినల్‌లో 'ఆర్ఎం -ఆర్ఎఫ్ ప్రాజెక్ట్' కొట్టాను సార్. పాత కాపీ పోతుందనుకుంటే అసలుదే పోయింది. ట్రాష్ తెరిచి చూస్తే ఖాళీ. ఎక్కడికి పోయినట్టు? వెనక్కి వస్తుందా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జ: ట్రాష్‌లోకి అసలు వెళ్లనే లేదు. ట్రాష్ అనేదొకటి ఉందని ఆర్ఎంకు తెలియదు. 1971 నాటి తొలి యూనిక్స్‌లోనే ఉన్న కమాండ్ అది. ఫోల్డర్ పట్టికలోంచి పేరు కొట్టేస్తుంది, ఆ ఫైలుకు ఇంకే పేరూ మిగలకపోతే దాని జాగాను ఖాళీ కింద రాసేస్తుంది, అంతే. చెత్తబుట్ట డెస్క్‌టాప్‌లు వచ్చాక పైన కట్టుకున్న ఏర్పాటు. ఫైల్ మేనేజర్‌లో డిలీట్ నొక్కితే ఫైలు చెరగదు, వేరే ఫోల్డర్‌కు మారుతుంది. ఆర్ఎం దగ్గర ఆ మర్యాద లేదు.

ఆ కంప్యూటర్ మీద ఇక ఏమీ రాయకండి. డౌన్‌లోడ్ వద్దు, అప్‌డేట్ వద్దు, రికవరీ సాఫ్ట్‌వేర్‌ను కూడా అదే డిస్కులో వేయొద్దు. ఎస్ఎస్‌డీ అయితే ముందు 'సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ ఎఫ్ఎస్‌ట్రిమ్.టైమర్' కొట్టండి (సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపడం). ఉబుంటు వారానికోసారి ట్రిమ్ నడుపుతుంది. ఏయే జాగాలు ఖాళీగా ఉన్నాయో ఎస్ఎస్‌డీకి అప్పుడు చెప్పేస్తుంది. అది ఒకసారి జరిగిందంటే ఏ రికవరీ సాఫ్ట్‌వేరూ పెద్దగా చేయగలిగింది ఉండదు.

ఆ ప్రాజెక్ట్ ఎడిటర్‌లో ఇంకా తెరిచి ఉందా? ఉంటే మూయకండి. ట్యాబుల్లో కనిపిస్తున్న ఒక్కో ఫైలునూ 'సేవ్ యాజ్'తో పెన్‌డ్రైవ్‌లోకి దింపుకోండి. ఏదైనా ప్రోగ్రామ్ ఆ ఫైలును పట్టుకుని ఉన్నా దారి ఉంది. 'ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1' (ప్లస్ పక్కనున్న ఎల్ పెద్దక్షరం) కొడితే పేరు పోయినా తెరిచే ఉన్న ఫైళ్లు వస్తాయి. అందులో ప్రాసెస్ నంబరు 4312, ఎఫ్‌డీ వరసలో 7 ఉందనుకుందాం. 'సీపీ /ప్రాక్/4312/ఎఫ్‌డీ/7' అని రాసి, పక్కన పెన్‌డ్రైవ్ దారి, కొత్త పేరు ఇవ్వండి. పేరు లేని ఫైలు మళ్లీ పేరు తెచ్చుకుంటుంది.

ఈ రెండూ కుదరకపోతే కంప్యూటర్ ఆపేసి లైవ్ యూఎస్‌బీతో (లోపలి డిస్కుతో పని లేకుండా లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) తెరిచి, ఫోటోరెక్ అనే రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపి, దొరికిన వాటిని వేరే డిస్కులోకి రాయించుకోవాలి. ముందే ఒక మాట: ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ (ఉబుంటు డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) డిలీట్ చేసేటప్పుడు ఫైలు ముక్కలు ఎక్కడెక్కడున్నాయో చెప్పే లెక్కను కూడా తుడిచేస్తుంది. ఫోటోరెక్ ముక్కల పోలికను బట్టి ఏరుతుంది, కాబట్టి పాత పేర్లు, ఫోల్డర్లు రావు. ఫోటోలైతే చూసి గుర్తుపట్టవచ్చు. కోడ్ ఫైళ్లు మాత్రం పేర్లు లేని టెక్స్ట్ ఫైళ్ల గుట్టగా వచ్చి పడతాయి. మీ కోడ్‌లో మాత్రమే ఉండే ఒక ఫంక్షన్ పేరు గుర్తు తెచ్చుకుని, 'గ్రెప్ -ఆర్‌ఎల్'తో ఆ గుట్టలో వెతకండి. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌తో ఎప్పుడైనా ఆన్‌లైన్‌కు పుష్ చేసి ఉంటే ఈ తిప్పలేమీ పడకుండా అక్కణ్నుంచి దింపుకోండి. లోకల్ గిట్ చరిత్ర మాత్రం ప్రాజెక్ట్ ఫోల్డర్ లోపలి డాట్-గిట్‌లోనే ఉంటుంది కాబట్టి అదీ పోయినట్టే.

ఇకముందు కోసం 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ట్రాష్-సీఎల్ఐ' కొట్టండి. ఫెడోరాలో ఆప్ట్ బదులు డీఎన్ఎఫ్. ఐదు కమాండ్లు వస్తాయి. ట్రాష్-పుట్ బుట్టలో వేస్తుంది, ట్రాష్-లిస్ట్ చూపిస్తుంది, ట్రాష్-రిస్టోర్ వెనక్కి తెస్తుంది, ట్రాష్-ఆర్ఎం బుట్టలోంచి ఏరి పారేస్తుంది, ట్రాష్-ఎంప్టీ మొత్తం ఖాళీ చేస్తుంది. వీటిలో తడబడేది ఎక్కువగా రిస్టోర్ దగ్గరే. ఫైలు పూర్వం ఏ ఫోల్డర్‌లో ఉండేదో ముందు అందులోకి వెళ్లి ఆ కమాండ్ కొట్టాలి, ఎందుకంటే అది మీరు నిలబడిన ఫోల్డర్‌లోంచి పోయిన ఫైళ్లనే చూపిస్తుంది. అన్నీ కావాలంటే 'ట్రాష్-రిస్టోర్ /' అనండి. 0 నుంచి నంబర్లు వేసి, తేదీ, సమయం, పాత దారితో జాబితా ఇచ్చి, ఏది కావాలని అడుగుతుంది. ఒక నంబరు ఇవ్వవచ్చు, '0-2, 5' అని కలిపీ ఇవ్వవచ్చు. అక్కడ అదే పేరుతో ఈలోగా కొత్త ఫైలు పుట్టి ఉంటే దాని మీద రాయనంటుంది. కొత్తదాని పేరు మార్చి మళ్లీ ప్రయత్నించండి.

ప్ర: పెళ్లికార్డుల ఫైళ్లకు తెలుగులోనే పేర్లు పెడతాను. ఒక ఫైలు పొరపాటున తీసేసి, ట్రాష్ ఫోల్డర్‌లోకి వెళ్లి వెతికితే శాతం గుర్తులు, అంకెలు కలగాపులగంగా ఉన్న ఒక టెక్స్ట్ కనిపించింది. ఫైలు కరప్ట్ అయిందా? ఇంకొకటి, కొన్ని ఫైళ్లను అసలు ట్రాష్‌లోకే పంపనివ్వడం లేదు.
– డీటీపీ ఆపరేటర్, హైదరాబాద్

జ: కరప్ట్ కాలేదు. మీరు చూసింది ఫైలును కాదు, దాని చీటీని. బుట్ట లోపలి ఏర్పాటు ఒకసారి తెలిస్తే మిగతా తిప్పలన్నీ వాటంతటవే విడిపోతాయి, కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

లినక్స్ డెస్క్‌టాప్‌లన్నీ దాదాపుగా ఒకే పద్ధతి పాటిస్తాయి. డెస్క్‌టాప్‌లకు ఉమ్మడి నియమాలు రాసే ఫ్రీడెస్క్‌టాప్ వాళ్ల ట్రాష్ నిర్దేశం అది, 1.0 వెర్షన్ 2014లో వచ్చింది. దాని ప్రకారం మీ బుట్ట ఉండేది '~/.లోకల్/షేర్/ట్రాష్'లో. ఆ '~' అంటే మీ హోమ్ ఫోల్డర్. అందులో ట్రాష్ లోపల ఫైల్స్, ఇన్ఫో అని రెండు ఫోల్డర్లు. గుడి దగ్గర చెప్పుల స్టాండు ఉంటుంది చూడండి, చెప్పులు అరలో, టోకెన్ విడిగా. ఇక్కడా అంతే. అసలు ఫైలు ఫైల్స్‌లో ఉంటుంది. అదే పేరు చివర '.ట్రాష్ఇన్ఫో' చేర్చుకున్న చిన్న చీటీ ఇన్ఫోలో ఉంటుంది. చీటీలో మూడే వరసలు. మొదటిది చదరపు బ్రాకెట్లలో 'ట్రాష్ ఇన్ఫో' అన్న శీర్షిక. రెండోది 'పాత్=', అంటే ఫైలు పూర్వం ఉన్న దారి. మూడోది 'డిలీషన్‌డేట్=', తీసేసిన తేదీ, సమయం.

ఆ రెండో వరసే మిమ్మల్ని భయపెట్టింది. పాత్‌లో ఇంగ్లీషు కాని అక్షరాలను శాతం గుర్తులతో రాయాలన్నది నియమం. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు పడుతుంది. 'కథ' అనే రెండక్షరాల పేరు చీటీలో '%ఈ0%బీ0%95%ఈ0%బీ0%ఏ5' అవుతుంది. తెలుగు పేరైతే ఈ మూడేసి ముక్కలు ఎప్పుడూ ఈ0 బీ0తోనో, ఈ0 బీ1తోనో మొదలవుతాయి. అలా ఉంటే నిశ్చింతగా తెలుగేనని గుర్తుపట్టవచ్చు. చేత్తో విప్పుకోవాల్సిన పని లేదు. ట్రాష్-లిస్ట్ కొడితే పేర్లు చక్కగా తెలుగులోనే కనిపిస్తాయి.

ఫైల్స్ ఫోల్డర్‌లోంచి ఫైలును చేత్తో లాక్కుపోవడం మాత్రం అలవాటు చేసుకోకండి. ఒకే పేరున్నవి రెండు వచ్చిపడితే రెండోదాని పేరు అక్కడ మారిపోతుంది. ట్రాష్-సీఎల్ఐ అయితే చివర '_1' తగిలిస్తుంది, ఉబుంటులో మామూలుగా ఉండే గ్నోమ్ డెస్క్‌టాప్ అయితే మధ్యలో '.2' పెడుతుంది. ఏది ఏ పెళ్లిదో చీటీకే తెలుసు. పైగా ఫైలును లాగేశాక చీటీ ఒంటరిగా మిగిలిపోతుంది.

రెండో ప్రశ్నకు జవాబు కూడా ఆ మూడు బైట్లలోనే ఉంది. ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. అంటే తెలుగులో 85 గుర్తులు. గుర్తులంటున్నాం, అక్షరాలు కాదు: 'శ్రీ' చూడ్డానికి ఒక్క అక్షరమే అయినా శ, పొల్లు, ర, దీర్ఘం కలిసి నాలుగు గుర్తులు, 12 బైట్లు. చీటీ పేరుకు '.ట్రాష్ఇన్ఫో' అనే మరో 10 బైట్లు కావాలి. కాబట్టి మీ ఫైలు పేరు 245 బైట్లు, అంటే ఎక్స్‌టెన్షన్‌తో కలిపి సుమారు 80 గుర్తులు దాటితే, ఫైలు మామూలుగా తెరుచుకుంటుంది, ప్రింట్ అవుతుంది, కానీ చీటీ రాయడానికి పేరు చాలదు. ట్రాష్-పుట్ పేరు కుదించి సర్దుకుంటుంది. అన్ని సాధనాలూ అలా చేయవు, ఎర్రర్ ఇచ్చి ఊరుకునేవే ఎక్కువ. వధూవరుల పేర్లు, ఊరు, తేదీ, చివర 'ఫైనల్ కరెక్షన్ 3' అన్నీ ఫైలు పేరులోనే పెట్టే అలవాటుంటే ఈ గోడ త్వరగానే తగులుతుంది. ఆ వివరాలను ఫోల్డర్‌కు పంచండి.

ప్ర: 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లన్నీ డిలీట్ చేశాను. ఇంట్లో లినక్స్‌లో చూస్తే ఏమీ లేదు, కానీ 11 జీబీ నిండినట్టు చూపిస్తోంది. జిరాక్స్ షాపులో పెడితే అక్కడి విండోస్‌లో '.ట్రాష్-1000' అనే ఫోల్డర్ కనిపించింది. తెరిస్తే నేను తీసేసిన యూనిట్ టెస్ట్ ప్రశ్నపత్రాలన్నీ అందులోనే ఉన్నాయండీ!
– ఉపాధ్యాయురాలు, కరీంనగర్

జ: పెన్‌డ్రైవ్‌లో తీసేసిన ఫైలును ఇంటి బుట్టలోకి తేవాలంటే ఆ 11 జీబీని కాపీ చేయాలి, దానికి బోలెడు సమయం పడుతుంది. అందుకని ఏ డిస్కు చెత్త ఆ డిస్కులోనే ఉంచుతారు. ఆ డిస్కు మొదట్లోనే '.ట్రాష్-' తర్వాత మీ యూజర్ నంబరుతో ఒక ఫోల్డర్ పుడుతుంది. ఉబుంటులో మొదటి యూజర్ నంబరు 1000, 'ఐడీ -యూ' కొడితే మీది తెలుస్తుంది. పేరు చుక్కతో మొదలైతే లినక్స్‌లో దాగి ఉంటుంది. విండోస్‌కు ఆ చుక్క లెక్కలోది కాదు, అందుకే షాపులో అందరికీ కనిపించింది. తీసేసిన పాటలు కారు స్టీరియోలో మోగుతున్నాయని కొందరు తలపట్టుకునేది కూడా ఈ ఫోల్డర్ వల్లే.

పెన్‌డ్రైవ్ ఇంటి కంప్యూటర్‌కు పెట్టి 'ఎల్ఎస్ -ఏ /మీడియా/' తర్వాత మీ యూజర్ పేరు, పెన్‌డ్రైవ్ పేరు ఇవ్వండి. దాగినవి బయటపడతాయి. తర్వాత 'ఆర్ఎం -ఆర్ఎఫ్' అని, అదే దారి చివర '/.ట్రాష్-1000' చేర్చండి. దారిని చేత్తో కొట్టకుండా ట్యాబ్ మీటతో పూర్తి చేయించుకోండి. పెన్‌డ్రైవ్ పేరులో ఖాళీ ఉండి, దాన్ని చేత్తో కొడితే ఆర్ఎం దాన్ని రెండు దారులుగా చదువుకుంటుంది. ఇక్కడ ఫైల్స్, ఇన్ఫో రెండూ ఒకేసారి పోతున్నాయి కాబట్టి చీటీల గొడవ లేదు. ట్రాష్-ఎంప్టీ కూడా పని చేస్తుంది, కానీ అది మీ ఇంటి బుట్టను కూడా కలిపి ఖాళీ చేసేస్తుంది. అదే పెన్‌డ్రైవ్‌ను మరో లినక్స్ కంప్యూటర్‌లో వేరే యూజర్ వాడి ఉంటే '.ట్రాష్-1001' లాంటిది కూడా ఉండొచ్చు. దాన్ని మీ ట్రాష్-లిస్ట్ చూపించదు, ఎల్ఎస్ ఒక్కటే చూపిస్తుంది. మ్యాక్‌కు పెట్టి ఉంటే '.ట్రాషెస్' కనిపిస్తుంది.

ఇకనుంచి పెన్‌డ్రైవ్ మీద షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కండి, బుట్ట పుట్టదు. ప్రశ్నపత్రాలంటున్నారు కాబట్టి ఒక హెచ్చరిక: పెన్‌డ్రైవ్‌లో అలా చెరిపినవి కూడా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తేలిగ్గానే బయటికి వస్తాయి. పరీక్ష అయ్యేదాకా రహస్యంగా ఉండాల్సినదాన్ని షాపుకు తీసుకెళ్లే పెన్‌డ్రైవ్‌లో పెట్టకపోవడమే నయం. ప్రింటుకు కావాల్సిన ఒక్క ఫైలుకు వేరే చిన్న పెన్‌డ్రైవ్ ఉంచుకోండి.

ప్ర: డిస్కు నిండిపోయిందని ట్రాష్‌లోని ఫైల్స్ ఫోల్డర్‌లో 'ఆర్ఎం -ఆర్ఎఫ్ *' కొట్టాను. ట్రాష్-లిస్ట్‌లో పాత పేర్లన్నీ ఇంకా కనిపిస్తున్నాయి. రిస్టోర్ చేయబోతే ఎర్రర్. పైగా డిస్కు లెక్క చూపే డీఎఫ్ కమాండ్‌లో ఖాళీ జాగా పెద్దగా పెరగలేదు.
– విజయవాడ

జ: అరలోని చెప్పులు పారేసి టోకెన్లు అట్టే పెట్టారు. ఇన్ఫోలో చీటీలు అలాగే ఉన్నాయి కాబట్టి లిస్ట్ వాటిని చదివి పేర్లు చూపిస్తోంది. ట్రాష్-ఎంప్టీ ఒకసారి నడిపితే చీటీలూ పోతాయి. దీనికి తిరగబడ్డ సందర్భం కూడా ఉంటుంది, ఫైలు ఉండి చీటీ పోవడం. అప్పుడు లిస్ట్‌లో ఏమీ కనిపించదు, జాగా మాత్రం తింటూ ఉంటుంది. అందుకే బుట్ట ఎంత మింగిందో తెలియాలంటే లిస్ట్‌ను నమ్మకండి, 'డీయూ -ఎస్‌హెచ్ ~/.లోకల్/షేర్/ట్రాష్' కొట్టండి. చీటీ లేని అనాథ ఫైళ్లను కూడా ట్రాష్-ఎంప్టీ తీసేస్తుంది.

ఒక్క రకం ఫైళ్లనే బుట్టలోంచి పారేయాలంటే ట్రాష్-ఆర్ఎం ఉంది. 'ట్రాష్-ఆర్ఎం '*.ఐఎస్ఓ'' అంటే బుట్టలోని ఐఎస్ఓ ఫైళ్లు మాత్రమే పోతాయి, చీటీలతో సహా. నక్షత్రం చుట్టూ ఆ కొటేషన్ గుర్తులు తప్పనిసరి. అవి లేకపోతే బుట్టలోని పేర్ల బదులు మీరు నిలబడిన ఫోల్డర్‌లోని పేర్లను షెల్ (మీరు కొట్టిన కమాండ్‌ను చదివి నడిపేది) ముందే నింపేస్తుంది. అక్కడ ఐఎస్ఓ ఒక్కటీ లేకపోతే బ్యాష్ అనే షెల్‌లో అదృష్టం కొద్దీ సరిగ్గానే పని చేస్తుంది, ఉన్న రోజున వేరేలా చేస్తుంది. ఇలాంటి తప్పు చాలాకాలం బయటపడదు.

జాగా పెరగకపోవడానికి మూడు కారణాలు చూడాలి. మొదటిది, తీసిన ఫైలును ఏదో ప్రోగ్రామ్ ఇంకా తెరిచే ఉంచింది. పేరు పోయినా, పట్టుకున్నవాడు వదిలేదాకా జాగా ఖాళీ కాదు. 'సుడో ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1' (ఇక్కడా పెద్ద ఎల్) కొడితే దొంగ దొరుకుతాడు, ఎక్కువగా లాగ్ రాసే సర్వీసో, టారెంట్ ప్రోగ్రామో. దాన్ని రీస్టార్ట్ చేస్తే జాగా వచ్చేస్తుంది. రెండోది, చెత్త వేరే పార్టిషన్‌ది. 'ట్రాష్-లిస్ట్ --ట్రాష్-డర్స్' కొడితే ఏయే బుట్టలున్నాయో వరసగా చూపిస్తుంది. మూడోది కాస్త చిత్రం. స్నాప్ అనే ఉబుంటు ప్యాకేజీ రూపంలో వేసుకున్న కోడ్ ఎడిటర్‌కు డేటా ఫోల్డర్ విడిగా ఉంటుంది. అందులోంచి ఫైలు డిలీట్ చేస్తే '~/స్నాప్' లోపల ఎక్కడో దాని సొంత ట్రాష్‌లో పడి, డెస్క్‌టాప్ బుట్ట ఖాళీ చేసినా కదలదు. 'ఫైండ్ ~/స్నాప్ -టైప్ డీ -నేమ్ ట్రాష్' (ఇక్కడ పెద్ద టీ) కొట్టి, దొరికిన ప్రతిదానికీ డీయూ చూడండి.

ఇంకొక భ్రమ కూడా తీరిపోవాలి. 20 జీబీ ఫోల్డర్‌ను ట్రాష్-పుట్ క్షణంలో ముగించేస్తుంది, ఎందుకంటే అదే పార్టిషన్‌లో దారి పేరు మార్చడమే దాని పని. సామాను గది మారింది, ఇల్లు దాటలేదు. జాగా కావాలంటే ఖాళీ చేసి తీరాలి.

ప్ర: ట్రాష్ ఖాళీ చేయబోతే 'పర్మిషన్ డినైడ్' అని ఒక ఫోల్డర్ మొండికేస్తోంది. బుట్టలోకి వెళ్లినప్పుడు లేని అభ్యంతరం బయటికి పోయేటప్పుడు ఎందుకు?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

జ: డాకర్ (ప్రోగ్రామ్‌లను విడివిడి కంటైనర్లలో నడిపే సాధనం) వాడుతున్నారా? ఎక్కువగా అదే. పై ఫోల్డర్ మీది, లోపల డాకర్ కంటైనర్ పుట్టించిన సబ్‌ఫోల్డర్ రూట్‌ది, అంటే కంప్యూటర్ మొత్తం మీద అధికారమున్న అడ్మిన్ యూజర్‌ది. పై ఫోల్డర్‌ను బుట్టలోకి తరలించడానికి ఆ పైదాని మీద, అది ఉన్న చోటు మీద మీకు అనుమతి ఉంటే చాలు, లోపల ఎవరిదేముందో లినక్స్ తొంగి చూడదు. ఖాళీ చేయడమంటే మాత్రం లోపలికి దిగి ఒక్కో ఫైలూ తీయాలి. ఫైలు తీయడానికి ఆ ఫైలు మీద కాదు, అది ఉన్న ఫోల్డర్ మీద రాసే అనుమతి కావాలి. ఆ సబ్‌ఫోల్డర్ రూట్‌ది కాబట్టి అక్కడే ఆగిపోతుంది.

'సుడో ట్రాష్-ఎంప్టీ' కొడదామనిపిస్తుంది. కొట్టకండి, అది రూట్ బుట్టను ఖాళీ చేస్తుంది, మీది కాదు. 'సుడో చౌన్ -ఆర్ $యూజర్: ~/.లోకల్/షేర్/ట్రాష్' అని బుట్టను మొత్తం మీ పేరుకు మార్చి (ఆ '-ఆర్'లోని ఆర్, యూజర్ అన్నది రెండూ పెద్దక్షరాల్లో), తర్వాత సుడో లేకుండా ట్రాష్-ఎంప్టీ నడపండి. రూట్‌గా ఫైళ్లు తీసేవాళ్లు కూడా ఇది గుర్తుంచుకోవాలి. 'సుడో ట్రాష్-పుట్'తో పోయినవి చాలావరకు '/రూట్/.లోకల్/షేర్/ట్రాష్'లో పేరుకుంటాయి, మామూలు లిస్ట్‌లో ఎప్పటికీ కనిపించవు.

ప్ర: 'జీఐఓ ట్రాష్' కొడితే 'సిస్టమ్ ఇంటర్నల్ మౌంట్స్' అంటూ తిరస్కరిస్తోంది. ఏమిటిది?
– వరంగల్

జ: జీఐఓ గ్నోమ్‌తో వచ్చే సాధనం. సిస్టమ్ సొంతానికి వాడుకుంటుందని అది భావించిన చోట్ల బుట్ట పెట్టదు. టీఎంపీ ఫోల్డర్ ర్యామ్‌లో ఉండే ఏర్పాటైతే ఈ మాటే వస్తుంది. అక్కడివి రీబూట్‌తో ఎలాగూ పోతాయి, నేరుగా ఆర్ఎం చేయండి. మీ సొంత డేటా పార్టిషన్ మీదే ఇలా వస్తుంటే ట్రాష్-పుట్ వాడి చూడండి. రెండూ ఒకే చీటీ పద్ధతి పాటిస్తాయి కాబట్టి ఒకటి వేసింది మరొకటి వెనక్కి తేగలదు.

ప్ర: ఆర్ఎం కొడితే ట్రాష్-పుట్ నడిచేలా ఏలియాస్ (కమాండ్‌కు మారుపేరు) పెట్టుకోమని మా సీనియర్ చెప్పారు. మంచిదేనా?
– తిరుపతి

జ: వద్దు. ట్రాష్-పుట్ '-ఆర్', '-ఎఫ్' లాంటివి ఇచ్చినా ఏమీ అనకుండా మింగేస్తుంది కాబట్టి పైకి అంతా బాగానే నడుస్తున్నట్టుంటుంది. చిక్కు అలవాటుతో వస్తుంది. ఆర్ఎం అంటే బుట్టలోకే పోతుందని చేతికి నమ్మకం కుదిరాక, ఒకరోజు ఎస్ఎస్‌హెచ్‌తో సర్వర్‌లోకి వెళతారు. అక్కడ ఏలియాస్ ఉండదు. సుడో ముందు పెట్టినా ఏలియాస్ పని చేయదు, స్క్రిప్టుల్లోనూ చేయదు. ట్రాష్-సీఎల్ఐ తయారుచేసినవాళ్లు కూడా ఈ ఏలియాస్ పెట్టొద్దనే చెబుతారు. దాని బదులు ఆర్ఎం కొడితే 'ఇది కాదు, ట్రాష్-పుట్ వాడు' అని ఒక వాక్యం చూపించి ఆగిపోయే ఏలియాస్ పెట్టుకోమంటారు. మాకూ అదే సబబనిపిస్తుంది. నిజంగా ఆర్ఎం కావాలన్నప్పుడు ముందు బ్యాక్‌స్లాష్ పెడితే ఏలియాస్‌ను దాటుకుని అసలుది నడుస్తుంది. ట్రాష్-పుట్ పేరు పొడుగనుకుంటే దానికి 'టీపీ' అని రెండక్షరాల ఏలియాస్ పెట్టుకోండి. ఆ పేరు సర్వర్‌లో లేకపోతే 'కమాండ్ నాట్ ఫౌండ్' అంటుంది, అంతకుమించి నష్టం లేదు.

ప్ర: నెల దాటిన చెత్త దానంతటదే పోవాలి. చెప్పిన వేళకు కమాండ్లు నడిపే క్రాన్‌లో తెల్లవారుజామున 3 గంటలకు పెట్టాను, ఎప్పుడూ నడవడం లేదు.
– రాజమహేంద్రవరం

జ: ఆ వేళకు మీ ల్యాప్‌టాప్ మూసి ఉంటుంది కదా. క్రాన్ తప్పిపోయిన పనిని తర్వాత చేయదు. మీరు తప్పకుండా కంప్యూటర్ ముందుండే సమయం పెట్టండి. 'క్రాన్‌ట్యాబ్ -ఈ' తెరిచి '0 13 * * * /యూఎస్ఆర్/బిన్/ట్రాష్-ఎంప్టీ 30' అని ఒక వరస చేర్చండి, రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు నడుస్తుంది. పూర్తి దారి ఇవ్వాలి, ఎందుకంటే క్రాన్‌కు మీ షెల్‌కు తెలిసినన్ని దారులు తెలియవు. పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లకు ఆ దారి వేరుగా ఉంటుంది, 'విచ్ ట్రాష్-ఎంప్టీ' కొడితే తెలుస్తుంది. సమయం ఏదైనా సరే, తప్పితే తర్వాత నడవాలి అనుకుంటే సిస్టమ్‌డీ టైమర్ పెట్టుకుని అందులో 'పర్సిస్టెంట్=ట్రూ' (మొదటి పీ పెద్దక్షరం) రాయండి.

30 అనేది ఫైలు వయసు కాదు, అది బుట్టలో పడి ఎన్నాళ్లయిందన్న లెక్క. చీటీలోని మూడో వరస చూసి తేలుస్తుంది. 2012 నాటి ఫోటోను ఇవాళ తీసేస్తే ఇవాళ్టినుంచి 30 రోజులుంటుంది. మొదటిసారి క్రాన్‌లో పెట్టేముందు చేత్తో 'ట్రాష్-ఎంప్టీ --డ్రై-రన్ 30' నడపండి, ఏవేవి పోతాయో చూపిస్తుంది, ఏదీ తీయదు. మరీ ముఖ్యంగా ఆ 30 మరిచిపోకండి. అంకె లేకపోతే దానర్థం 'అన్నీ' అని.

గ్నోమ్ వాడేవాళ్లకు ఇది సెట్టింగ్స్‌లోని ప్రైవసీలోనే ఉంది. ట్రాష్‌ను దానంతటదే ఖాళీ చేసే మీట పెట్టి రోజులు ఎంచుకోవచ్చు. క్రాన్‌తో పని లేదు, కానీ అది నడిచేది డెస్క్‌టాప్‌లో లాగిన్ అయి ఉన్నప్పుడే.

ప్ర: ఆఫీసులో విండోస్, ఇంట్లో మ్యాక్. వీటిలో కమాండ్‌తో బుట్ట ఖాళీ చేయడమెలా?
– న్యూజెర్సీ

జ: విండోస్ పవర్‌షెల్‌లో 'క్లియర్-రిసైకిల్‌బిన్' కొట్టండి. అడగకుండా చేయాలంటే చివర '-ఫోర్స్', ఒక్క డ్రైవ్‌కే పరిమితం చేయాలంటే '-డ్రైవ్‌లెటర్ సీ'. అక్కడ కూడా డెల్, రిమూవ్-ఐటమ్ కమాండ్లు బుట్టకు పంపవు, నేరుగా తీసేస్తాయి. లోపలి ఏర్పాటు మన చీటీ పద్ధతికి దగ్గర చుట్టమే. '$రిసైకిల్.బిన్' ఫోల్డర్‌లో ప్రతి ఫైలుకూ '$ఆర్'తో మొదలయ్యే అసలు ఫైలు, '$ఐ'తో మొదలయ్యే చీటీ ఉంటాయి. పాత దారి, సైజు, తీసిన సమయం చీటీలో ఉంటాయి.

మ్యాక్‌లో బుట్ట '~/.ట్రాష్'. టెర్మినల్ నుంచి అందులోకి చూడబోతే 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అంటుంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లి, ఫుల్ డిస్క్ యాక్సెస్‌లో టెర్మినల్‌ను ఆన్ చేసి, టెర్మినల్ మూసి మళ్లీ తెరవండి. 'ఎంవీ'తో ఫైలును ఆ ఫోల్డర్‌లోకి నెడితే బుట్టలో కనిపిస్తుంది కానీ ఫైండర్‌లోని 'పుట్ బ్యాక్' దానికి పని చేయదు, పాత చోటు ఎక్కడా రాసి ఉండదు కాబట్టి.